రగ్బీ: రిఫరీ తీర్పులు, జాతీయ మైదానాల తగాదాలు

అంతర్జాతీయ రగ్బీ చరిత్రలో రెండు రకాల తగాదాలు పదేపదే కనిపిస్తాయి. ఒకటి మైదానంలో ఈల ఊదే రిఫరీ తీర్పు గురించి. రెండోది ఆ మైదానం గురించే: ఒక జాతి తన జ్ఞాపకాలతో కట్టుకున్న పెద్ద స్టేడియంలో మరొకరి ఆటకు చోటివ్వాలా, ఇస్తే ఎవరి అనుమతితో ఇవ్వాలి? పైకి ఈ రెంటికీ సంబంధం లేనట్టు ఉంటుంది. కానీ రెండు చోట్లా అడిగేది ఒకటే. నిర్ణయించే హక్కు ఎవరిది, ఏ నియమం ప్రకారం నిర్ణయించారు, ఓడిన పక్షం దాన్ని ఒప్పుకోగలదా? 1884 నాటి ఇంగ్లండ్–స్కాట్లండ్ పోటీ నుంచి 2023 ప్రపంచకప్ ఫైనల్ దాకా మొదటి రకం తగాదాలు సాగాయి. రెండో రకానికి పెద్ద ఉదాహరణ ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లోని క్రోక్ పార్క్.

రిఫరీ అధికారం

రగ్బీ యూనియన్‌లో ఒక్కో జట్టుకు 15 మంది. ఆట 80 నిమిషాలు. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో మాత్రమే అందించాలి. చేతిలోంచి జారి ముందుకు పడితే అది నాక్ ఆన్. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు తాకిస్తే ట్రై. ముప్పై మంది ఒకరి మీద ఒకరు పడి పెనుగులాడే ఆటలో ఏ క్షణాన ఏ తప్పు జరిగిందో కనిపెట్టే భారం ప్రధానంగా ఒక్క రిఫరీదే. గీతల పక్కన ఇద్దరు సహాయకులు ఉంటారు. 2000ల తొలి ఏళ్ల నుంచి పెద్ద పోటీల్లో టెలివిజన్ మ్యాచ్ అఫీషియల్ వచ్చి చేరాడు. ఇతన్నే టీఎంఓ అంటారు. క్రికెట్‌లో మూడో అంపైర్‌ను చూసిన వారికి ఇతని పని సులువుగానే అర్థమవుతుంది.

రగ్బీ ఇంకో సంప్రదాయాన్ని గట్టిగా పట్టుకుంది. రిఫరీతో మాట్లాడే హక్కు జట్టు నాయకుడిదే. రిఫరీ ఛాతీకి తగిలించిన మైకు వల్ల అతను ఏం చెప్పి ఆ తీర్పు ఇచ్చాడో టీవీ ముందున్న వారికి వినిపిస్తుంది. కారణం చెప్పి తీర్పు ఇవ్వడం, అది నచ్చకపోయినా ఆట కొనసాగించడం ఈ ఆటకు మూలస్తంభాలు. వివాదాలు రాలేదని కాదు. వచ్చినప్పుడు ఫలితాన్ని తిరగరాయకుండా నియమాన్ని సరిదిద్దుకోవడం రగ్బీకి అలవాటైంది.

తొలి తగాదా: 1884

1884 మార్చి 1న లండన్ దగ్గరి బ్లాక్‌హీత్‌లో ఇంగ్లండ్, స్కాట్లండ్ తలపడ్డాయి. ఆ పోటీకి మన దేశంతో ఒక చుట్టరికం ఉంది. ఈ రెండు జట్లూ 1879 నుంచి పోటీపడుతున్నది కలకత్తా కప్ కోసం. కలకత్తాలోని రగ్బీ క్లబ్బు మూతపడినప్పుడు ఖాతాలో మిగిలిన వెండి రూపాయలను కరిగించి చేయించిన పాత్ర అది. దాని పిడులు నాగుపాములు, మూత మీద ఏనుగు.

ఆ రోజు స్కాట్లండ్ ఆటగాడొకడు బంతిని చేత్తో వెనక్కి తట్టాడు. ఇంగ్లండ్ దాన్ని అందుకొని ట్రై చేసింది. బంతిని అలా తట్టడం తప్పు కాబట్టి ఆట అక్కడే ఆగాలని స్కాట్లండ్ వాదించింది. తప్పు చేసింది వాళ్లయితే దాని వల్ల లాభం కూడా వాళ్లకే ఎలా వస్తుందని ఇంగ్లండ్ అడిగింది. రిఫరీ, ఐర్లండ్‌కు చెందిన జార్జ్ స్క్రీవెన్, ట్రైని అనుమతించాడు. ఇంగ్లండ్ గెలిచింది.

వాదన మైదానంలో ఆగలేదు. 1885లో ఆ రెండు దేశాల మధ్య పోటీయే జరగలేదు. స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్ కలిసి 1886లో అంతర్జాతీయ రగ్బీ బోర్డును ఏర్పాటు చేశాయి. ఇంగ్లండ్ చేరడానికి నిరాకరించింది. మధ్యవర్తుల తీర్పుతో 1890లో చేరింది. అప్పుడు 12 స్థానాల్లో ఆరు ఇంగ్లండ్‌కు, మిగతా మూడు దేశాలకు రెండేసి దక్కాయి. నేటి ప్రపంచ రగ్బీ పాలక సంస్థ వరల్డ్ రగ్బీకి మూలం ఆ బోర్డే. ఒక ట్రై గొడవే ఈ ఆటకు అంతర్జాతీయ పాలనను తెచ్చిపెట్టింది.

కార్డిఫ్, 1905

న్యూజిలాండ్ తొలి ఆల్ బ్లాక్స్ జట్టు 1905–06 పర్యటనలో 35 పోటీలు ఆడి ఒక్కటే ఓడింది. 1905 డిసెంబరు 16న కార్డిఫ్‌లో టెడీ మోర్గన్ ట్రైతో వేల్స్ 3–0తో గెలిచింది. ద్వితీయార్ధంలో బాబ్ డీన్స్ గీత దాకా దూసుకెళ్లాడు. గీత దాటి బంతిని నేలకు తాకించానని, రిఫరీ వచ్చేలోగా ప్రత్యర్థులు వెనక్కి లాగేశారని అతని మాట. గీతకు ఇవతలే పట్టుకున్నామని వేల్స్ మాట. స్కాట్లండ్‌కు చెందిన రిఫరీ జాన్ డల్లాస్ ఆటకు కాస్త వెనకబడి ఉన్నాడు. ట్రై ఇవ్వలేదు. తాను ట్రై చేశానని డీన్స్ మర్నాడు డెయిలీ మెయిల్ పత్రికకు టెలిగ్రాం పంపాడు. మూడేళ్లకే, 1908లో, అతను చనిపోయాడు. ఆ ట్రై లెక్కకు రాలేదు, వాదన ఆగలేదు. చూడవలసిన చోట చూసే కన్ను లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి రగ్బీ లోకం ఇప్పటికీ ఈ పోటీనే తలుచుకుంటుంది.

టీవీ చూసింది, రిఫరీ చూడలేదు

1995 ప్రపంచకప్ సెమీఫైనల్ డర్బన్‌లో కుండపోత వానలో జరిగింది. దక్షిణాఫ్రికా 19, ఫ్రాన్స్ 15. చివరి నిమిషాల్లో ఫ్రాన్స్ ఆటగాడు అబ్దెలతీఫ్ బెనాజీ గీత అంచున పడ్డాడు. వేల్స్ రిఫరీ డెరెక్ బెవన్ ట్రై ఇవ్వలేదు. దక్షిణాఫ్రికా ఫైనల్ చేరి కప్పు గెలిచింది.

2007 అక్టోబరు 6న కార్డిఫ్‌లో జరిగిన క్వార్టర్‌ఫైనల్లో ఫ్రాన్స్ 20–18తో న్యూజిలాండ్‌ను ఇంటికి పంపింది. ఫ్రాన్స్ కీలక ట్రైకి ముందు ఫ్రెడెరిక్ మిషలాక్‌కు అందిన బంతి స్పష్టంగా ముందుకు వెళ్లిందని టీవీ ముందున్నవారు చూశారు. 28 ఏళ్ల ఇంగ్లిష్ రిఫరీ వేన్ బార్న్స్‌కు అది కనిపించలేదు. అప్పటి నియమాల ప్రకారం ఆ పాస్ గురించి టీఎంఓను అడిగే వీలు కూడా లేదు. కోపం మాత్రం మొత్తం అతని మీదే పడింది.

2011 మార్చి 12న అదే కార్డిఫ్‌లో వేల్స్–ఐర్లండ్ పోటీ. జానథన్ సెక్స్‌టన్ తన్నిన బంతి గీత బయట ప్రేక్షకుల్లోకి పోయింది. వేల్స్ ఆటగాడు మాథ్యూ రీస్ మరో బంతి అందుకొని వెంటనే లోపలికి విసిరాడు. మైక్ ఫిలిప్స్ దాన్ని పట్టుకొని ట్రై చేశాడు. ఆ రకంగా విసరాలంటే బయటకు పోయిన బంతే కావాలన్నది నియమం. రిఫరీ జానథన్ కప్లాన్ సందేహం వచ్చి గీత పక్కనున్న సహాయకుడిని అడిగాడు. అదే బంతి అని సమాధానం వచ్చింది. వేల్స్ 19–13తో గెలిచింది. తీర్పు తప్పని అంతర్జాతీయ బోర్డు తరవాత ఒప్పుకుంది. ఫలితం అలాగే ఉంది.

ఇలాంటి అనుభవాల తరవాత 2012–13 నుంచి టీఎంఓ పరిధిని విస్తరించారు. ట్రైకి ముందు జరిగిన ఫార్వర్డ్ పాస్, నాక్ ఆన్, అడ్డుకోవడం వంటివి కూడా తెర మీద చూసే వీలు వచ్చింది.

అయినా సందులు మిగిలాయి. 2015 అక్టోబరు 18న ట్వికెన్‌హామ్‌లో స్కాట్లండ్ 34–32తో ఆధిక్యంలో ఉండగా, ఆట ముగియబోయే వేళ దక్షిణాఫ్రికా రిఫరీ క్రెయిగ్ జూబెర్ ఆస్ట్రేలియాకు పెనాల్టీ ఇచ్చాడు. బెర్నార్డ్ ఫోలీ గురి తప్పలేదు. ఆస్ట్రేలియా 35–34. బంతి మధ్యలో ఆస్ట్రేలియా ఆటగాడికి తగిలింది కాబట్టి అక్కడ ఇవ్వాల్సింది స్క్రమ్ (రెండు జట్ల ఫార్వర్డ్‌లు ఎదురెదురుగా తోసుకుంటూ ఆటను తిరిగి మొదలుపెట్టడం) మాత్రమేనని మర్నాడు వరల్డ్ రగ్బీ ప్రకటించింది. అది టీఎంఓను అడగగలిగిన సందర్భం కాదని కూడా చెప్పింది. తప్పును ఒక్క రోజులో బహిరంగంగా ఒప్పుకోవడం మంచిదే. కానీ ఆ మాట ఒక రిఫరీని ప్రపంచం ముందు ఒంటరిగా నిలబెట్టిందన్నదీ నిజమే.

ఎర్రకార్డు, బంకర్, దూషణలు

ఆటగాళ్ల తల, మెడ భద్రత మీద పట్టింపు పెరిగే కొద్దీ వివాదాలు ట్రైల నుంచి టాకిళ్ల (బంతి ఉన్న ఆటగాడిని పట్టి పడగొట్టడం) వైపు మళ్లాయి. 2011 ప్రపంచకప్ సెమీఫైనల్లో వేల్స్ నాయకుడు సామ్ వార్‌బర్టన్ ప్రత్యర్థిని ఎత్తి తలకిందులుగా వదిలాడు. ఐర్లండ్ రిఫరీ అలైన్ రోలాండ్ 18వ నిమిషంలోనే ఎర్రకార్డు చూపాడు. వేల్స్ 9–8తో ఫ్రాన్స్ చేతిలో ఓడింది. అప్పట్లో ఆ తీర్పు మరీ కఠినమని చాలామంది మండిపడ్డారు. ఈనాడు అలాంటి టాకిల్‌కు ఎర్రకార్డు తప్పదన్న విషయంలో పెద్దగా వివాదం లేదు. రోలాండ్ నియమాన్ని పాటించాడు. అది సరైన పనే.

2023లో బంకర్ విధానం వచ్చింది. రిఫరీ పసుపుకార్డు ఇచ్చి ఆటగాడిని పది నిమిషాలు బయటకు పంపుతాడు. ఈలోగా వేరే అధికారి ఎనిమిది నిమిషాల దాకా దృశ్యాలు పరిశీలించి, దాన్ని ఎర్రకార్డుగా మార్చాలో వద్దో చెబుతాడు. ఆ ఏడాది అక్టోబరు 28న ప్యారిస్ శివారులోని స్టాడ్ ద ఫ్రాన్స్‌లో జరిగిన ఫైనల్లో న్యూజిలాండ్ నాయకుడు సామ్ కేన్ కార్డు ఎర్రగా మారింది. పురుషుల ప్రపంచకప్ ఫైనల్లో అదే తొలి ఎర్రకార్డు. దక్షిణాఫ్రికా నాయకుడు సియా కొలిసి కార్డు పసుపుగానే మిగిలింది. ఆరన్ స్మిత్ చేసిన ట్రైని అంతకు ముందు లైనౌట్‌లో (గీత బయటి నుంచి బంతిని లోపలికి విసరడం) జరిగిన నాక్ ఆన్ కారణంగా రద్దు చేశారు. దక్షిణాఫ్రికా 12–11తో గెలిచింది. రిఫరీ మళ్లీ వేన్ బార్న్స్. ఆ తరవాత కొద్ది రోజులకే అతను రిటైరయ్యాడు. ఆ ఫైనల్ టీఎంఓ టామ్ ఫోలీ తనకు వచ్చిన దూషణల గురించి చెప్పి అంతర్జాతీయ బాధ్యతల నుంచి తప్పుకున్నాడు.

రిఫరీని విమర్శించడానికీ వేటాడటానికీ మధ్య గీత ఉంది. 2021లో బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్‌తో తొలి టెస్టు ఓడాక దక్షిణాఫ్రికా రగ్బీ డైరెక్టర్ రాసీ ఎరాస్మస్ రిఫరీ నిక్ బెర్రీ తీర్పుల మీద గంటకు పైగా సాగే వీడియో చేశాడు. అది బయటకు వచ్చింది. వరల్డ్ రగ్బీ విచారణలో అతనికి రెండు నెలలు అన్ని రగ్బీ కార్యకలాపాల నుంచి, 2022 సెప్టెంబరు నెలాఖరు దాకా మ్యాచ్‌రోజు బాధ్యతల నుంచి నిషేధం పడింది. ఫిర్యాదు చేసే దారి ఉండగా వీధికెక్కడం రగ్బీ సహించదని ఆ నిర్ణయం చెప్పింది.

క్రోక్ పార్క్ కథ

ఐర్లండ్ రగ్బీ జట్టు దేశ విభజనను దాటిన జట్టు. ఉత్తర ఐర్లండ్, ఐర్లండ్ రిపబ్లిక్ ఆటగాళ్లు ఒకే జెర్సీ వేసుకుంటారు. దాని సొంత ఇల్లు డబ్లిన్‌లోని లాన్స్‌డౌన్ రోడ్. 1872లో హెన్రీ డన్‌లప్ నెలకొల్పిన ఆ మైదానంలో 1878 నుంచి అంతర్జాతీయ రగ్బీ ఆడుతున్నారు.

నగరానికి ఉత్తరాన ఉన్న క్రోక్ పార్క్‌ది వేరే చరిత్ర. అది గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ సొత్తు. జీఏఏగా పిలిచే ఆ సంస్థ 1884 నవంబరు 1న థర్లస్ పట్టణంలో పుట్టింది. హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్ వంటి ఐరిష్ ఆటలను కాపాడుకోవడం దాని ఆశయం. ఆటగాళ్లు జీతం లేకుండా ఆడతారు. 1913లో కొన్న మైదానానికి జీఏఏ తొలి పోషకుల్లో ఒకరైన ఆర్చిబిషప్ థామస్ క్రోక్ పేరు పెట్టారు. 1920 నవంబరు 21న, స్వాతంత్ర్య పోరాటం నడుస్తుండగా, డబ్లిన్–టిపెరరీ గేలిక్ ఫుట్‌బాల్ పోటీ మధ్యలో బ్రిటిష్ బలగాలు అక్కడ కాల్పులు జరిపాయి. 14 మంది చనిపోయారు. వారిలో టిపెరరీ ఆటగాడు మైఖేల్ హోగన్ ఒకడు. ఇప్పుడు అక్కడి ప్రధాన స్టాండు హోగన్ స్టాండే.

ఐరిష్ ఆటలను కాపాడుకోవాలన్న ఆ ఆశయంలోంచే జీఏఏ నిషేధాలు వచ్చాయి. సభ్యులు రగ్బీ, సాకర్, క్రికెట్ వంటి ‘విదేశీ’ ఆటలు ఆడకూడదు, చూడకూడదు. 1938లో ఐర్లండ్ తొలి అధ్యక్షుడు డగ్లస్ హైడ్ ఒక సాకర్ పోటీకి హాజరైనందుకు జీఏఏ ఆయన్ని పోషకుడి స్థానం నుంచి తొలగించింది. ఆ నిషేధం 1971లో పోయింది. మిగిలింది నిబంధన 42: జీఏఏ మైదానాల్లో తమ ఆటలకు పోటీగా నిలిచే ఇతర ఆటలకు చోటు లేదు. అదే క్రోక్ పార్క్‌లో 1972లో మొహమ్మద్ అలీ బాక్సింగ్ పోటీ జరిగింది. 1997లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడారు. రగ్బీకి మాత్రం తలుపు మూసే ఉంది.

జీఏఏ పక్షాన బలమైన వాదనలే ఉన్నాయి. ఊరూరా వాలంటీర్లు చెమటోడ్చి పోగుచేసిన డబ్బుతో కట్టిన మైదానం అది. రగ్బీ, సాకర్ డబ్బున్న వృత్తి ఆటలు. పిల్లలను, ప్రేక్షకులను లాక్కునే పోటీదారులు. ఉత్తరాన దశాబ్దాల హింసను భరించిన ఆల్‌స్టర్ శాఖలకు ఈ విషయం మానని గాయం. నిబంధన మార్చాలన్న పక్షం వాళ్లు అడిగినదీ న్యాయమే. 1990లలో మొదలై కొత్తగా లేచిన స్టేడియానికి ప్రజాధనం కూడా అందింది. 82 వేల మందికి చోటున్న స్టేడియం ఖాళీగా ఉంటే, లాన్స్‌డౌన్ రోడ్ పడగొట్టి కట్టే వేళ దేశపు జట్టు పరాయి దేశానికి వెళ్లి ఆడుకోవాలా?

రెండు ఓట్లు

నిబంధన మార్చాలంటే జీఏఏ మహాసభలో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. 2001 ఏప్రిల్‌లో మార్పు కోరే తీర్మానానికి అనుకూలంగా 176, వ్యతిరేకంగా 89 ఓట్లు పడ్డాయి. ఒకే ఒక్క ఓటు తక్కువైంది.

ఆ తరవాత లాన్స్‌డౌన్ రోడ్‌ను పూర్తిగా పడగొట్టి కట్టాలని తేలింది. ఆ పని పూర్తయ్యేదాకా ఐర్లండ్ తన సొంత పోటీలను బ్రిటన్‌లో ఆడాల్సిన పరిస్థితి. జీఏఏ అధ్యక్షుడు, కెర్రీకి చెందిన షాన్ కెలీ ఓపికగా శాఖలను ఒప్పించాడు. 2005 ఏప్రిల్ 16న క్రోక్ పార్క్‌లోనే జరిగిన మహాసభలో రహస్య ఓటింగు పెట్టారు. అనుకూలం 227, ప్రతికూలం 97. లాన్స్‌డౌన్ రోడ్ పని పూర్తయ్యే దాకా మాత్రమే అనుమతి. వద్దన్న శాఖలు ఓడినా సంస్థను వీడలేదు. ఆ రోజు జరిగిన మంచిలో వాళ్ల వాటా తక్కువేమీ కాదు.

2007 ఫిబ్రవరి

2007 ఫిబ్రవరి 11న క్రోక్ పార్క్‌లో తొలి రగ్బీ అంతర్జాతీయ పోటీ జరిగింది. చివరి నిమిషాల్లో విన్సెంట్ క్లెర్క్ ట్రైతో ఫ్రాన్స్ 20–17తో గెలిచింది. అసలు పరీక్ష 24న. బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపిన నేల మీద ఇంగ్లండ్ జాతీయ గీతం పాడాలి. ఏం జరుగుతుందోనని దేశమంతా ఊపిరి బిగబట్టింది. గీతం మొదలైంది, సాగింది, ముగిసింది. స్టేడియం గౌరవంగా నిలబడి విన్నది, చప్పట్లు కొట్టింది. తరవాత ఐరిష్ గీతం వస్తుంటే భారీకాయుడు జాన్ హేస్ కన్నీళ్లు ఆపుకోలేకపోయాడు. ఐర్లండ్ 43–13తో గెలిచింది. రోనన్ ఓగారా అడ్డంగా తన్నిన బంతిని షేన్ హోర్గన్ గాల్లోకి ఎగిరి రెండు చేతులతో అందుకొని గీత మీద వాలాడు. హోర్గన్ చిన్నప్పుడు మీత్ తరఫున గేలిక్ ఫుట్‌బాల్ ఆడినవాడు. ఆ పట్టు గేలిక్ ఫుట్‌బాల్‌దే.

2009లో ఐర్లండ్ గ్రాండ్ స్లామ్ (ఆరు దేశాల పోటీలో అన్ని మ్యాచ్‌లూ గెలవడం) సాధించిన ఏడాది అక్కడే ఫ్రాన్స్‌ను 30–21తో ఓడించింది. ఆ మే 2న లెన్‌స్టర్–మన్‌స్టర్ క్లబ్ సెమీఫైనల్‌కు 82,208 మంది వచ్చారు. 2010 మార్చిలో స్కాట్లండ్ 23–20తో గెలిచిన పోటీతో ఐర్లండ్ జట్టు అక్కడి నుంచి వీడ్కోలు తీసుకుంది. ఆ మేలో లాన్స్‌డౌన్ రోడ్ స్థానంలో 51,700 సీట్ల అవీవా స్టేడియం తెరిచారు. 2011 మేలో రాణి రెండో ఎలిజబెత్ క్రోక్ పార్క్‌ను సందర్శించింది.

తరవాతి తగాదాలు

ఒకసారి తెరిచిన తలుపు పూర్తిగా మూసుకోలేదు, ఎల్లప్పుడూ తెరిచీ లేదు. 2018లో క్యాన్సర్‌తో చనిపోయిన సాకర్ ఆటగాడు లియమ్ మిల్లర్ కుటుంబం కోసం కార్క్‌లో పోటీ పెట్టాలనుకున్నారు. నియమాలు ఒప్పుకోవంటూ జీఏఏ మొదట పాయిర్క్ ఈ కీవ్ స్టేడియం ఇవ్వలేదు. ప్రజల నిరసన తరవాత ఇచ్చింది. 2022 నవంబరులో అదే చోట మన్‌స్టర్ 28–14తో దక్షిణాఫ్రికా ఎ జట్టును ఓడించింది. 41 వేల మందికి పైగా చూశారు. 2024 మేలో లెన్‌స్టర్ క్రోక్ పార్క్‌లో నార్తాంప్టన్‌ను 20–17తో ఓడించింది.

ఉత్తర ఐర్లండ్‌లో కథ వేరుగా నడిచింది. 1981 నిరాహార దీక్షల్లో పది మంది చనిపోయిన మేజ్ జైలు స్థలంలో సాకర్, రగ్బీ, గేలిక్ ఆటలకు ఉమ్మడి స్టేడియం కట్టాలన్న ఆలోచనను 2009లో వదిలేశారు. రగ్బీ, సాకర్ తమ తమ పాత మైదానాలను బాగుచేసుకున్నాయి. బెల్‌ఫాస్ట్‌లో గేలిక్ ఆటల కేస్‌మెంట్ పార్క్ 2013 నుంచి మూతపడే ఉంది. 2028 యూరో సాకర్ కోసం దాన్ని కట్టే ప్రణాళికకు నిధులు ఇవ్వలేమని 2024లో బ్రిటన్ ప్రభుత్వం చెప్పేసింది.

ఫ్రాన్స్‌లోనూ ఇదే సమస్య మరో రూపంలో వచ్చింది. స్టాడ్ ద ఫ్రాన్స్ ప్రభుత్వానిది. అద్దె షరతులు నచ్చక అక్కడి రగ్బీ సమాఖ్య ప్యారిస్‌కు దక్షిణాన 82 వేల సీట్ల సొంత స్టేడియం తలపెట్టింది. 2016 చివర్లో విరమించుకుంది.

మన దగ్గర

భారతదేశంలోనూ మైదానాల పంపకం కొత్త కాదు. 2018లో వెస్టిండీస్‌తో క్రికెట్ వన్డేను కొచ్చి స్టేడియంలో పెట్టాలనుకున్నప్పుడు ఫుట్‌బాల్ పచ్చిక పాడవుతుందని ఆటగాళ్లు, అభిమానులు ఎదురు తిరిగారు. పోటీ తిరువనంతపురానికి మారింది. హైదరాబాదులో ఫతే మైదాన్ దశాబ్దాల పాటు క్రికెట్‌ను, ఇతర ఆటలను ఒకేచోట భరించింది. లాల్ బహదూర్ స్టేడియంగా పేరు మారినా అదే పాత్ర పోషించింది. 2005లో అంతర్జాతీయ క్రికెట్ ఉప్పల్‌కు తరలింది. రగ్బీ కూడా ఇప్పుడు తెలుగువారికి పూర్తిగా పరాయి ఆట కాదు. 2025లో ముంబైలో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్‌లోని ఆరు జట్లలో హైదరాబాద్ హీరోస్ ఒకటి.

అంచనా

ఈ చరిత్రలో ఒక్క సంగతి స్పష్టం. బ్లాక్‌హీత్ ట్రై రద్దు కాలేదు, అంతర్జాతీయ బోర్డు పుట్టింది. 2007, 2011 కార్డిఫ్ ఫలితాలు మారలేదు, టీఎంఓ పరిధి మారింది. 2001లో ఒక్క ఓటుతో ఓడిన తీర్మానం 2005లో అదే మూడింట రెండొంతుల నియమం కింద గెలిచింది. నియమం ముందే రాసి ఉండటం, నిర్ణయం అందరి కళ్ల ముందు జరగడం, ఓడినవారి బాధకు చోటుండటం అనే మూడూ ఉన్నచోట తగాదా ఆటను బాగుచేసింది. మేజ్ లోనూ, టామ్ ఫోలీ విషయంలోనూ వీటిలో ఏదో ఒకటి కొరవడింది. అక్కడ ఆటే నష్టపోయింది. మైదానాల గురించి నిర్ణయాలు తీసుకునే మన క్రీడా సంఘాలు క్రోక్ పార్క్ ఓటును శ్రద్ధగా చదవాలి. అక్కడ ఎవరి జ్ఞాపకాన్నీ చెరిపేయకుండానే ఒక దేశం తన స్టేడియాన్ని పంచుకోగలిగింది.